వసూళ్లకని బయల్దేరితే: విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా

నాది విజయనగరంలో చిన్న ప్యాకింగ్ మెటీరియల్ వ్యాపారం. అట్టపెట్టెలు, గోనె సంచులు, జీడిపప్పు నింపే టిన్నులు, పాలిథిన్ కవర్లు. ఏ సరుకు ఊరు దాటాలన్నా దానికో పెట్టో సంచో కావాలి కాబట్టి, ఈ రెండు జిల్లాల్లో ఎవరి వ్యాపారం ఎలా నడుస్తోందో నా బాకీల పుస్తకం తిరగేస్తే చాలు. ఈ ఏడాది ఆ పుస్తకం తేడాగా ఉంది. నెల తిరక్కుండా ఇచ్చేవాళ్లు రెండు నెలలు దాటించేస్తున్నారు. ఫోన్ చేస్తే "సూద్దాం బావూ, ఏటవుద్దో" అంటున్నారు. ఎగ్గొట్టే మనుషులు కారు, ఏళ్ల తరబడి తెలిసినవాళ్లు. అందుకే ఫోన్లు పక్కనపెట్టి 2025 డిసెంబర్ రెండో వారంలో బ్యాగు సర్దుకుని నేనే బయల్దేరాను. వచ్చింది వస్తుంది, లేకపోతే కనీసం ఏం జరుగుతోందో తెలుస్తుంది.

సోమవారం, విజయనగరం

ఊరు కదలకముందే గోనె సంచుల బ్రోకర్ దగ్గరికి వెళ్లాను. ఇక్కడ వసూలేమీ లేదు, నేనే కొనాలి. ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్లు నడుస్తున్న రోజులు, ఎవరి నోట విన్నా సంచుల మాటే. ఆయన రేటు చెప్పి, "ఇది సాయంత్రం దాకానే తమ్ముడూ, రేపొద్దున్న వచ్చి ఇదే రేటు అడిగితే నేనివ్వలేను" అన్నాడు. పైగా డబ్బు ముందే కట్టాలట. ఈయన దగ్గర నేను ఎప్పుడూ అరువు మీదే తెచ్చుకునేవాణ్ణి.

మన దగ్గర ఒకప్పుడు రైతులు గోగు వేసేవారు. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం వైపు జూట్ మిల్లులు ఆ నారతో నడిచేవి. గోగు సాగు తగ్గిపోయాక మిల్లులు బెంగాల్ వైపు చూడ్డం మొదలుపెట్టాయి, బెంగాల్ కొంత బంగ్లాదేశ్ వైపు చూస్తుంది. అక్కడ 2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం పడిపోయింది, రెండు దేశాలకీ మాటలు తగ్గాయి. 2025 జూన్ చివర్లో మన ప్రభుత్వం బంగ్లా జనపనార సరుకు భూ సరిహద్దు గుండా రావడానికి వీల్లేదని, రావాలంటే ముంబై దగ్గర నవా షెవా రేవుకే రావాలని ఆర్డరేసింది. సెప్టెంబర్‌లో ఢాకా వాళ్లు కూడా ముడి జనపనార ఎగుమతికి ముందస్తు అనుమతి ఉండాల్సిందే అన్నారు. ధర మండిపోయింది. ఇటు చూస్తే 1987 నాటి చట్టం ప్రకారం ఆహారధాన్యాలు జూట్ సంచుల్లోనే నింపాలి. అంటే కొనక తప్పదు, దొరకడం కష్టం. ఢాకాలో ఎవరు గద్దెనెక్కితే ఎవరు దిగితే నాకేమిటి అనుకునే మనిషిని, ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్‌లో ఆ వార్తలే చూస్తున్నాను.

మా పక్కింటాయన ఒక మిల్లులో పని చేస్తాడు. ముడిసరుకు లేదని బదిలీ వర్కర్లని, అంటే అవసరమైన రోజే పనిలోకి తీసుకునేవాళ్లని, గేటు దగ్గరే వెనక్కి పంపేస్తున్నారట. పని ఉందో లేదో గేటుదాకా వెళితేగానీ తెలీదు, వెళ్లడానికి ఆటో ఖర్చు, వెళ్లాక లేదంటే ఆ రోజు ఇంకో కూలికి పోయే టైము కూడా దాటిపోయి ఉంటుంది. లేదని ముందు రోజే చెబితే బాగుండునని ఆయన గొడవ. నిజానికి ఈ టూరంతా నేను విన్నది ఇదే గొడవ, రకరకాల మనుషుల దగ్గర.

2013 అక్టోబర్ గుర్తుకొచ్చింది. రాష్ట్ర విభజన గొడవల్లో మా ఊళ్లో కర్ఫ్యూ పెట్టారు. అంతకుముందు నుంచే సమ్మెల వల్ల ఆర్టీసీ బస్సులు లేవు. షట్టర్ తీయడానికి లేదు, లారీ రావడానికి లేదు. నష్టం ఘోరంగా వచ్చింది. అయినా అప్పుడు నాకెవరూ బాకీ ఎగవేయలేదు, ఆర్డర్ రద్దు చేయలేదు. "తీశాక పంపించు" అన్నారంతే. కర్ఫ్యూ అంటే ఎప్పటికైనా ఎత్తేస్తారు, అది అందరికీ తెలుసు. ఎత్తేశాక ఆగిన ఆర్డర్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఇప్పుడు షాపులన్నీ తెరిచే ఉన్నాయి, రోడ్ల మీద జనం ఉన్నారు, ఆర్డర్ రాసే చెయ్యే ముందుకు రావడం లేదు.

మంగళవారం, భోగాపురం నుంచి శ్రీకాకుళం దాకా

భోగాపురం దగ్గర హైవే దిగాను. ఎయిర్‌పోర్టు పని చివరికొచ్చింది. ఇక్కడి టీ కొట్టులో కూర్చుంటే ఈ ఎయిర్‌పోర్టు చరిత్ర మొత్తం ఉచితంగా చెబుతారు. మొదట్లో ఇంకెంతో భూమి కావాలన్నారు, ఊళ్లు అడ్డం తిరిగాయి, తగ్గిస్తూ తగ్గిస్తూ 2,700 ఎకరాలకి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు శంకుస్థాపన చేశారు. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది, లెక్క 2,200 ఎకరాలకి దిగింది. 2023 మే 3న జగన్ మళ్లీ శంకుస్థాపన చేశారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, ఈసారి మాత్రం పని ఆగలేదు, 2026లో విమానాలు ఎగురుతాయంటున్నారు. ఒకే నేలకి రెండు శంకుస్థాపనలు. రెంటికీ మధ్య నాలుగేళ్లు.

ఆ నాలుగేళ్లూ ఇక్కడ స్థలాలు కొన్నవాళ్ల సంగతి చూడాలి. లేఅవుట్ బోర్డులు చూస్తూ నడిచాను. ఒకదాని మీద పాత వెంచర్ పేరు సున్నం కింద నుంచి ఇంకా కనిపిస్తోంది, దాని మీద కొత్త పేరు, కొత్త ఫోన్ నంబరు, కింద ఎయిర్‌పోర్టు బొమ్మ. టీ కొట్టాయన తన స్థలం 2019 ఎన్నికలకి ముందు అమ్మలేదు, ఇంకా పెరుగుతుందని. తర్వాత అమ్ముదామంటే అడిగేవాడు లేడు. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నారు, ఇప్పుడూ అమ్మడం లేదు. "ఇగ ఇమానం ఎగిరేక సూద్దాం" అన్నాడు నవ్వుతూ.

అక్కడి నుంచి పూసపాటిరేగ వైపు. రొయ్యల చెరువులు. నా పుస్తకంలో పెద్ద బాకీ ఈ లైన్లోనే ఉంది.

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన దేశం ఎగుమతి చేసే రొయ్యలకి అతి పెద్ద ఖాతాదారు అమెరికా. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ మన మీద 26 శాతం సుంకం అన్నాడు. వారం తిరక్కుండా దాన్ని ఆపి 10 శాతం అన్నాడు. ఆగస్టు 7 నుంచి 25 అయ్యింది, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 పడింది. పాత యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సబ్సిడీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు కలిపితే మన రొయ్య మీద 58 శాతం దాకా అయ్యింది. పోటీదారు ఈక్వెడార్ మీద అప్పటికి 15 శాతమే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ అంకె ఎన్నిసార్లు మారిందో చూడండి, రొయ్య పిల్ల వేసి పట్టుబడికి రావడానికి పట్టే మూడు నాలుగు నెలలూ దాదాపు అంతే. సీడు వేసిన రోజు ఒక సుంకం, వల వేసిన రోజు ఇంకోటి.

ఇప్పుడు నా కథ. ఒక ప్యాకింగ్ యూనిట్ వాళ్లు వేసవిలో నాకు మాస్టర్ కార్టన్లు (చిన్న ప్యాకెట్లు నింపే పెద్ద అట్టపెట్టెలు) ఆర్డరిచ్చారు. అమెరికా కొనుగోలుదారు బ్రాండు, రంగుల్లో వాళ్ల బొమ్మ, ఇంగ్లిషులో పోషకాల పట్టిక, అన్నీ ప్రింటు వేయించి పంపాను. ఆగస్టులో ఆ కొనుగోలుదారు "ప్రస్తుతానికి ఆపండి" అని మెయిల్ పెట్టాడు. ఆపండి అన్నాడు, వద్దనలేదు. వద్దంటే ఈ యూనిట్ వాళ్లు ఆ పెట్టెల్ని తూకానికి అమ్మేసి, నాతో సగానికో ముప్పాతికకో మాట్లాడుకుని తెంచేసేవాళ్లు. ఆపండి అన్నాడు కాబట్టి పెట్టెలు షెడ్డులో అలాగే ఉన్నాయి, నా డబ్బూ అలాగే ఉంది. మేనేజరు నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి చూపించాడు. మడతలు విప్పని అట్టలు కట్టలు కట్టలుగా నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి, కింది వరస చెమ్మకి మెత్తబడింది, ఎలక ఒక మూల కొరికింది. వేరే దేశానికి పంపే సరుకుకి ఈ పెట్టె వాడరు, బ్రాండు వేరు, భాష వేరు. యూరప్ వాళ్లు సెప్టెంబర్‌లో మనవి కొత్తగా 102 యూనిట్లకి అనుమతిచ్చారు, ఈ యూనిట్ ఆ లిస్టులో లేదు.

చెరువు గట్టు మీద ఒక రైతు విసురు వల వేసి కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, చూస్తున్నాడు. తూకం వేసి లెక్కపెట్టి, ఇంకో పది రోజులు ఉంచితే సైజు పెరుగుతుందని తనే అన్నాడు, మళ్లీ తనే వద్దులే పట్టేద్దాం అన్నాడు. పెద్ద సైజు రొయ్య అమెరికా వెళ్లే సరుకు, దెబ్బ దానికే తగిలింది. పెంచితే లాభమో నష్టమో తేలనప్పుడు మేత ఖర్చు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు మాత్రం తేలిపోయి కనిపిస్తుంటాయి. చిన్న సైజుకే పట్టేస్తున్నారు చాలామంది.

ఇదే మండలం తిప్పలవలస, అటు ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి మత్స్యకారులు గుజరాత్ వెరావల్‌కి వలస వెళ్తారు. 2018 నవంబర్‌లో అలా వెళ్లినవాళ్లని పాకిస్తాన్ పట్టుకుపోయింది, ఎక్కువమంది మన రెండు జిల్లాల వాళ్లే. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని వదిలారు. సముద్రంలో గీత ఎక్కడుందో కంటికి కనపడదు, రెండు దేశాలు ఏ మూడ్‌లో ఉన్నాయన్న దాన్ని బట్టి జైల్లో ఎన్నాళ్లన్నది ఉంటుంది.

రణస్థలంలో భోంచేశాను. హోటల్ కుర్రాడిది కొవ్వాడ. అణు విద్యుత్ కేంద్రం వస్తుందని పదేళ్లకి పైగా వింటున్న ఊరు. ఆరు రియాక్టర్లు అన్నారు, కట్టాల్సిన అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది. "ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతాం, ఉండమంటే స్లాబేసుకుంటాం" అన్నాడు. వాళ్ల ఇంటి పైకప్పు రేకులు మార్చి రేకులే వేశారట.

చీకటి పడ్డాక శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర దిగి లాడ్జికి ఆటో ఎక్కాను. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, ఆటోకి గిరాకీ ఎలా ఉందని అడిగాను, అడక్కపోయినా చెప్పేవాడే. ప్రభుత్వం 15 వేలు వేసింది, పడ్డాయి, మంచిదే. కానీ కొత్త ఆటోకి ఫైనాన్స్ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఈ పథకం ఉంటుందా, ఇంకో ఎన్నిక తర్వాత పోతుందా, ఎలక్ట్రిక్ ఆటోకి ఏమైనా ఇస్తారా... నాలుగేళ్ల కిస్తీ పెట్టుకోవాలంటే నాలుగేళ్ల సంగతి తెలియాలి. నేనొచ్చిన బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ మాత్రం నరసన్నపేట నుంచి రోజూ వచ్చి బట్టల షాపులో పని చేస్తోంది, టికెట్ డబ్బులు మిగులుతున్నాయి కాబట్టే ఈ ఉద్యోగం కిట్టుబాటు అయ్యిందని చెప్పింది. రెండూ నిజమే.

బుధవారం, శ్రీకాకుళం, కళింగపట్నం, టెక్కలి

పొద్దున్న శ్రీకాకుళంలో చిన్న చిన్న బాకీలు చూసుకున్నాను. ఇక్కడ ఫర్వాలేదు, స్వీట్ షాపులవాళ్లు తెంచేశారు. ఎలక్ట్రానిక్స్ షాపు ఓనరు ఒకాయన పాత స్నేహితుడు, ఆయన దగ్గర కూర్చుంటే జీఎస్టీ మాట వచ్చింది. ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి పన్నులు తగ్గిస్తామన్నారు. ఎంత, వేటి మీద అన్నది సెప్టెంబర్ 3న గానీ తేలలేదు, అమలు సెప్టెంబర్ 22న. మధ్యలో వినాయక చవితి వచ్చిపోయింది. "మంచి వార్తే గురూ, కాని ఆ ఐదారు వారాలు నా షాపులోకి ఈగ రాలేదు, వచ్చినవాడు కూడా పెద్ద టీవీ రేటు అడిగి, అయితే 22 తర్వాత వస్తానని పోయాడు" అన్నాడు. దసరాకి అంతా కలిపి వచ్చారు, అది వేరే విషయం. ఆ మధ్య నెల అద్దె, జీతాలు, బ్యాంకు వడ్డీ ఆగుతాయా?

నాకూ అదే దెబ్బ, ఇంకో రకంగా. అట్టపెట్టెల మీద పన్ను 12 నుంచి 5కి దిగింది, అందరూ సంతోషం. పెట్టె చేసే కాగితం మీద 18కి ఎక్కింది. 18 కట్టి తెచ్చి 5 వేసి అమ్ముతారు, మధ్యలో తేడా ప్రభుత్వం దగ్గర ఉంటుంది, రీఫండ్ వచ్చేదాకా పెట్టుబడి ఇరుక్కుని ఉంటుంది. నాకు పెట్టెలు చేసిచ్చే చిన్న యూనిట్ ఆయన అరువు బంద్ చేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను.

మధ్యాహ్నం టెక్కలి వెళ్లాలి, కానీ కళింగపట్నం చూసి చాలా ఏళ్లయింది, అటు వెళ్లాను. ఇది వ్యాపారం పని కాదు, నా సరదా. వంశధార సముద్రంలో కలిసేచోట లైట్‌హౌస్, పక్కన ఖాళీ ఇసుక. ఒకప్పుడు ఇది రేవు అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారం చేశారు, తర్వాత ఇంగ్లిషువాళ్లు. ఈ ఉత్తర కోస్తా రేవుల్లోనే స్టీమర్లెక్కి మనవాళ్లు వేలమంది రంగూన్ పోయారు. మా నానమ్మ "రంగం ఎల్లిపోనాడు" అనేది, ఇంట్లో ఎవరికో కోపమొచ్చి అలిగి వెళ్లిపోతే కూడా అదే మాట. మా ముత్తాత తమ్ముడు అక్కడ రేవులో కూలీ. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మావాళ్లకీ పెద్ద గొడవలయ్యాయి, చాలామంది పోయారు. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశారు. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాయి, ఓడ దొరికినవాళ్లు ఓడెక్కారు, దొరకనివాళ్లు అడవుల్లో నడిచారు. మిగిలినవాళ్లని 1962 తర్వాత నెవిన్ సైనిక ప్రభుత్వం షాపులు లాక్కుని పంపేసింది. మన ఉత్తరాంధ్ర పట్నాల్లో బర్మా కాలనీలు, బర్మా క్యాంపులు అలా వచ్చినవే. మా ముత్తాత తమ్ముడు తిరిగి రాలేదు. ఆయన పంపిన డబ్బుతో కొన్న ఎకరంన్నర మాత్రం ఇప్పటికీ ఉంది, దాని మీద పంపకాల తగాదా కూడా ఉంది.

రేవు పడుకోవడానికి కారణం ఒక్కటి కాదు. 1890లలో మద్రాసు–కలకత్తా రైలు లైను పడ్డాక సరుకు మెల్లగా పట్టాల మీదికి మళ్లింది. అది ఒకటి.

టెక్కలిలో గ్రానైట్ యూనిట్ వాళ్లకి నేను ప్యాకింగ్ ఫోమ్ వేస్తాను. నీలి గ్రానైట్, చైనా, యూరప్ వెళ్తుంది. ఇక్కడ కబుర్లు పెద్దగా లేవు, రాయల్టీ, పర్మిట్లు, ప్రభుత్వం మారితే లీజు ఎవరికి, ఇదే. చెక్కు ఇచ్చారు, జనవరి తేదీతో. దగ్గర్లోనే సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు పని నడుస్తోంది. ముందు భావనపాడు పేరుతో ఎన్నేళ్లుగానో నానింది, 2023 ఏప్రిల్ 19న మూలపేట పేరుతో శంకుస్థాపన జరిగింది. అది లేస్తే మేం సరుకు విశాఖ దాకా మోసుకెళ్లక్కర్లేదని టెక్కలి వాళ్ల ఆశ. "ఎప్పుడు?" అనడిగితే ఒక్కొక్కరు ఒక్కో సంవత్సరం చెప్పారు.

గురువారం, పలాస

పలాస–కాశీబుగ్గలో దిగగానే ముక్కుకి తెలుస్తుంది, జీడి పిక్క ఉడికే వాసన. ఇక్కడ వందల యూనిట్లున్నాయి, పెద్దవి, ఇంటి వెనక షెడ్డంత చిన్నవి. నా టిన్నులు, కవర్లు ఎక్కువగా పోయేది ఇక్కడికే.

నాకు బాగా తెలిసిన ఒక యూనిట్ ఓనరు, వయసులో పెద్దాయన, నన్ను చూడగానే "డబ్బులకొచ్చావా, కబుర్లకొచ్చావా?" అన్నాడు. రెంటికీ అన్నాను. ఆయన ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు తెరిచి చూపించాడు. నవంబర్ 26న పశ్చిమ ఆఫ్రికాలోని గినీ బిస్సావులో సైన్యం తిరుగుబాటు చేసింది, ఎన్నికలయిన మూడో రోజునే. ఆదివారం, అంటే నేను బయల్దేరడానికి ముందు రోజు, అదే వైపున్న బెనిన్‌లో కొందరు సైనికులు టీవీలోకొచ్చి ప్రభుత్వాన్ని దించేశామన్నారు, సాయంత్రానికి అది విఫలమైందన్నారు. ఈ రెండు దేశాల పేర్లు విజయనగరంలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు, పలాసలో టీ కొట్టువాడికి కూడా తెలుసు. గినీ బిస్సావుకి వచ్చే ఎగుమతి డబ్బులో దాదాపు అంతా జీడి పిక్క మీదే. ఆ పిక్కలో పెద్ద వాటా వచ్చేది మన దేశానికే.

పలాస చుట్టుపక్కల తోటల సీమ ఉద్దానం, అక్కడి పిక్క ఉండగా ఆఫ్రికా ఎందుకంటారా? 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తోటలన్నిటినీ పడుకోబెట్టేసింది. జీడి చెట్టు మళ్లీ వేస్తే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అసలు అంతకుముందే యూనిట్లకి స్థానిక పంట చాలేది కాదు. ఇప్పుడు దిగుమతి పిక్క లేకపోతే సంవత్సరంలో సగం రోజులు షెడ్లకి తాళాలే. ఉద్దానం రైతుకి మాత్రం ఇదే కడుపుమంట. దిగుమతి పిక్క మీద సుంకం రెండున్నర శాతమే, అది దండిగా వచ్చి పడితే ఆయన 80 కిలోల బస్తాకి రేటు పడిపోతుంది. బస్తా 16 వేలు ఇవ్వాలని వాళ్లు ధర్నాలు చేశారు. ఆఫ్రికాలో గొడవైతే ఇక్కడ రైతుకి నాలుగు డబ్బులు, యూనిట్‌కి తంటా. ఎవరి కోసం దండం పెట్టుకోవాలో తెలియని వ్యవహారం.

పెద్దాయన ఇబ్బంది ఇదీ. పశ్చిమ ఆఫ్రికా పంట ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా వస్తుంది. దిగుమతి చేసేవాళ్లు ఇప్పుడే అడ్వాన్సు అడుగుతున్నారు. కట్టాలా వద్దా? కడితే, తీరా పంట టైముకి అక్కడ రేవు మూసేస్తే అడ్వాన్సు ఇరుక్కుంటుంది. కట్టకపోతే, గొడవ సద్దుమణిగితే, వియత్నాం వాళ్లు ముందే ఎత్తుకుపోతారు, మిగిలింది రెట్టింపు పోటీలో కొనాలి. 2010–11లో ఐవరీ కోస్ట్‌లో ఇద్దరు అధ్యక్షులు తయారై ఎవరికి వారే నేనంటే నేనని కొట్టుకున్నప్పుడు ఈయన అడ్వాన్సు కట్టి ఉన్నాడు. సరుకు వచ్చింది, చాలా ఆలస్యంగా, తడిసి. దానికి తోడు ఇప్పుడు డాలరు. డిసెంబర్ మొదటి వారంలో రూపాయి 90 దాటింది. పిక్క కొనేది డాలర్లలో, పప్పు అమ్మేది రూపాయల్లో. "దేనికైనా లెక్క కడతాను బావూ, ఈ మూడూ ఒక్కసారి కదిలితే నాకు లెక్క రాదు" అన్నాడు. ఆయన నోట్లోంచి లెక్క రాదన్న మాట నేను ఇంతవరకు వినలేదు, నోటి లెక్కలకి పలాసలో పేరు.

లోపల గోడౌన్‌లో ఒక లాట్ శాంపిల్ కోస్తున్నారు. ఇది చూడాల్సిన పని. బస్తాల్లోంచి అక్కడక్కడ పిడికెడు చొప్పున తీసి, కలిపి, ఒక కిలో తూచి, ఎన్ని పిక్కలున్నాయో లెక్కపెడతారు. ఒక్కొక్కటీ నిలువునా చీరి బల్ల మీద వరసలు పెడతారు: మంచివి ఒక వరస, మచ్చలున్నవి ఒకటి, ముడుచుకుపోయినవి, లోపల ఏమీ లేని బోడివి. మంచి పప్పు తూచి, 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందో లెక్క వేస్తారు. ఇన్నేళ్ల తర్వాత కూడా పౌండ్లే. ఐవరీ కోస్ట్ సరుకైతే 47, 48 వస్తే చాలనుకుంటారు, గినీ బిస్సావుది 50 దాటుతుంది. అందుకే అక్కడి తిరుగుబాటు ఇక్కడ అంత బాధ. బల్ల మీద సగం చీలిన పిక్క నుంచి కారిన జీడి, గోధుమరంగు నుంచి నల్లగా మారుతూ చెక్కలోకి ఇంకిపోతోంది.

కటింగ్ మిషన్ల దగ్గర అంతా ఆడవాళ్లే. కాలితో తొక్కుతూ చేత్తో పిక్క పెట్టడం. వేళ్లకి నూనె రాసుకున్నా చర్మం నల్లబడి పొరలు లేచి ఉంది. ఒకావిడతో మాట కలిపాను. ఏ దేశం పిక్కో ఆవిడకి కోస్తుంటేనే తెలిసిపోతుందట, తొక్క మందం బట్టి. "ఏ దేశందైతే ఏటి బావూ, పనుంటే సాలు. మొన్న వారంలో నాలుగు రోజులే పెట్టారు. ఎప్పుడు రమ్మంటారో తెలీక తోట పనికీ ఒప్పుకోలేదు, ఇదీ లేదు." కూలి కిలో లెక్కన. పండక్కి పిల్లకి బట్టలు కొనాలి, భర్త చెన్నైలో, రావడానికి టికెట్ దొరకలేదు. నేను రాసుకుంటుంటే "ఏటి రాత్తన్నావు, లోన్ ఇత్తారా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను.

ఢిల్లీ కొనుగోలుదారు ఒకాయన ఆ ముందు శుక్రవారం రావాల్సింది, పెళ్లిళ్ల సీజన్, కొత్త సంవత్సరం ఆర్డరు కోసం. అదే వారం దేశమంతా విమానాలు వందల్లో రద్దయ్యాయి, పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారి ఒక పెద్ద సంస్థ తట్టుకోలేకపోయింది. ఆయన ఢిల్లీ ఎయిర్‌పోర్టులో రోజంతా కూర్చుని ఇంటికి పోయాడు. "జనవరిలో సూద్దాం" అని మెసేజ్. విమానాల మంత్రి మన శ్రీకాకుళం ఎంపీగారే కదా అని యూనిట్లో అంతా ఒకర్నొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. సరుకు చూడకుండా కొనడు, రాకుండా చూడలేడు. ఆ ఆర్డరు మీద పెద్దాయన నాకివ్వాల్సిన డబ్బు ఉంది. సగం ఇచ్చాడు, నగదుగా, మిగతా సగానికి సంక్రాంతి గడువు. కాఫీ ఇచ్చాడు, కిలో గుండు పప్పు ప్యాకెట్ చేతిలో పెట్టాడు, వద్దన్నా వినలేదు.

శుక్రవారం, ఇచ్ఛాపురం

పలాస నుంచి ఇచ్ఛాపురం రైల్లో. ఈ ముక్క అప్పటికి ఖుర్దా రోడ్ డివిజన్‌లో ఉంది, భువనేశ్వర్ జోన్. విశాఖ కేంద్రంగా కొత్త జోన్ 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ఆఫీసు కట్టడానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. ఆ జోన్ ప్లానులోనూ అప్పటికి ఈ పలాస–ఇచ్ఛాపురం ముక్క లేదు. బోగీలో దీని మీద వాదన జరిగింది, నేను నిద్ర నటించాను.

ఊరి బయట ఒడిశా సరిహద్దులో, పురుషోత్తపురం దగ్గర ఒకప్పుడు చెక్‌పోస్టు, లారీలు కిలోమీటరు పొడవున ఆగేవి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ పన్నుల చెక్‌పోస్టు పోయింది. డ్రైవర్లకి పండగ, ఆ లైన్లో ఆగిన లారీలవాళ్లకి అన్నం, టీ, టైరు గాలి అమ్ముకుని బతికినవాళ్లకి పని పోయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ అప్పుడు మళ్లీ ఇదే గీత దగ్గర జనం ఆగిపోయారు, ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు. బరంపురంలో పుట్టిల్లు ఉన్న ఆడపిల్లలు ఇక్కడ ఎంతమందో.

ఇక్కడ నా ఖాతాదారు కిరాణా హోల్‌సేల్ షావుకారు. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడతాడు. ఈ టూర్లో పైసా బాకీ లేని పెద్ద పార్టీ ఈయన ఒక్కడే. ఎలాగండీ అని అడిగాను. స్టాకు పెట్టడం మానేశాడట. మే నెల నుంచి ఏదీ నెలకి సరిపడా కొనడు, వారానికే. రేటు పెరిగితే వారం నష్టం, తగ్గితే వారం నష్టం, అంతకు మించి పోదు. గోడౌన్ సగం ఖాళీ చేసి అద్దెకిచ్చేశాడు. తెలివైన పనే. కానీ ఆయన తెలివి ఖరీదు ఎవరి మీద పడిందో నాకు బిల్లులు చూస్తే అర్థమైంది. నెలకి ఒక లోడు పంపేవాణ్ణి, ఇప్పుడు వారానికొకటి చిన్నది, ప్రతిసారీ బండి కిరాయి నాదే. ఆయన మోయాల్సిన అనుమానం ఆయన గోడౌన్‌లోంచి నా గోడౌన్‌లోకి మారింది, నేను దాన్ని అట్టపెట్టెల యూనిట్ ఆయన నెత్తిన పెడదామంటే ఆయన అరువే బంద్ చేశాడు.

అదే మాట షావుకారుతో నిదానంగా చెప్పాను. కాసేపు ఆలోచించి, "రెండు వారాలకొకసారి తీసుకుంటాను, కిరాయి చెరి సగం, గోనె సంచుల రేటు మాత్రం ఆర్డర్ పెట్టిన రోజుది కాదు, దింపిన రోజుది" అన్నాడు. సంచులకి నేను ఒప్పుకోలేదు. పెట్టెలకి ఒప్పుకున్నాను. సంచులు ఆయన నాకు డబ్బు ముందు కట్టేలా, నేను కట్టిన రేటుకే ఇచ్చేలా తేలింది. దానికి ఆయన కొడుకుని పిలిచి కాగితం మీద రాయించాడు, ఇన్నేళ్లలో మా మధ్య కాగితం ఇదే మొదలు.

స్టేషన్‌లో తిరుగు రైలు గంటన్నర లేటు. సంక్రాంతికి హైదరాబాద్, చెన్నైల నుంచి వచ్చేవాళ్ల కోసం కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కదా ఇప్పుడు, 2024 నవంబర్ నుంచి, అంతకుముందు 120. ఏ తేదీ అడిగినా వెయిటింగ్ లిస్టే. నా వెనక నిలబడ్డ కుర్రాడు కువైట్ వెళ్లాలి, ఏజెంటు వీసా ఇదిగో అదిగో అంటున్నాడట, పండక్కి ఉంటాడో ఉండడో తెలీక అన్నకి టికెట్ తియ్యాలా, తనని ఎయిర్‌పోర్టుకి దింపడానికి కారు మాట్లాడాలా అని ఇంటికి ఫోన్ చేసి అడుగుతున్నాడు. "రెండూ తియ్యిరా, ఒకటి కేన్సిల్ చేద్దాం" అంది అవతల వాళ్లమ్మ, స్పీకర్‌లో గట్టిగా. కేన్సిల్ చేస్తే ఎంత కోస్తారని వాడు నన్నడిగాడు. తెలిసింది చెప్పాను.